గాజు కెరటం, ఇత్తడి పట్టు

అనగా అనగా, సముద్రానికి నెల్లాళ్ళ నడక దూరంలో, రాతికొండల నడుమ ఒక రాజ్యం ఉండేది. జయభద్రుడనే రాజు దాన్ని ఏలేవాడు.

ఆయన రాణి నీలాంబ సముద్రపుటొడ్డున పుట్టి పెరిగిన పిల్ల. పెళ్ళయి వచ్చి ఏడాదైనా ఆమెకు అన్నం సయించలేదు. "కెరటం లేని చోట నాకు ఊపిరాడదండీ" అంటూ కిటికీలోంచి బండలకేసి చూస్తూ కూర్చునేది.

రాజు చాటింపు వేయించాడు. "గాజుతో, లోహంతో సముద్రాన్ని చేసి రాణి మనసు కుదుటపరచినవారికి కోరిన వరం ఇస్తాను. పున్నమి వరకే గడువు!"

ఆస్థాన శిల్పి వీరకేతు మీసం దువ్వాడు. "నేను గెలిస్తే గాజులవీధి కొలిములన్నీ ఆర్పించాలి ప్రభూ. ఆ పొగకి నా విగ్రహాలు నల్లబడుతున్నాయి" అన్నాడు.

ఈ మాట గాజులవీధికి పాకింది. పన్నెండు ఇళ్ళవాళ్ళకి ఆ కొలిములే అన్నం. అందరూ గొల్లుమన్నారు. గవరమ్మ మాత్రం ఏడవలేదు. ఆమె గాజులు చేసి, ఇల్లిల్లూ తిరిగి తొడిగే మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. మొగుడు అప్పన్న కంచరి, ఇత్తడి పని చేస్తాడు.

"ఏమయ్యా, నేను గాజుతో కెరటం చేస్తాను. దాన్ని పట్టి నిలిపేందుకు నువ్వు ఇత్తడి పట్టు చెయ్యి" అంది.

"సముద్రాన్ని ఎప్పుడైనా చూశావటే?"

"నువ్వు దేవుణ్ణి చూశావా? మరి విగ్రహాలు పోత పోస్తున్నావుగా!"

అప్పన్న ఫక్కున నవ్వి ఇత్తడి కరిగించడానికి లేచాడు.

మొదటిసారి ఇత్తడి చట్రంలోనే కరిగిన గాజు పోశారు. చల్లారుతుంటే టప్పున పగిలింది.

రెండోసారి గవరమ్మ గాజుని వెచ్చటి బూడిదలో మూడు రోజులు దాచి, నిదానంగా చల్లార్చింది. కెరటం చక్కగా వచ్చింది. "ఇంక కదిలితే ఒట్టు!" అని అప్పన్న ఇత్తడి పట్టుని సుత్తితో కొట్టి కొట్టి బిగించాడు. తెల్లారగట్ల చలికి ఇత్తడి ముడుచుకుంది. కెరటం నిలువునా చీలింది.

"నీ సుత్తి మండ!"

"నీ గాజు మండ!"

ఆ పూట ఇద్దరూ చెరో మూల కూర్చుని అన్నం తిన్నారు.

గడువు ఇంకో వారమే ఉంది. అయినా ఇంట్లో పొయ్యి వెలగాలి కదా! గవరమ్మ గాజుల మలారం భుజాన వేసుకుని బయల్దేరింది. ఒకింట్లో కొత్తకోడలు చెయ్యి చాపి, "జారకుండా బాగా బిగుతైనవి తొడుగు పిన్నీ" అంది.

"వద్దే అమ్మా. బిగుతు గాజు మొదటి బిందె ఎత్తగానే చిట్లుతుంది. చేతికీ గాజుకీ మధ్య కాస్త చోటుండాలి. అప్పుడే అది బతుకుతుంది, అప్పుడే మోగు..."

మాట పూర్తి చెయ్యలేదు. మలారం చంకనెత్తుకుని ఇంటికి ఒకటే పరుగు!

మూడోసారి అప్పన్న వంపు తిరిగిన ఇత్తడి కమ్మీలు పోసి, వాటికి వరసగా కొక్కేలు పెట్టాడు. గవరమ్మ నీలం, పచ్చ, తెలుపు రంగుల్లో నూరు గాజురేకులు చేసింది. ఒక్కోదాని కొసకి చిల్లు పెట్టి కొక్కేలకు తగిలించింది. ఒక్కటీ బిగించలేదు.

పున్నమినాడు సభ తీరింది.

వీరకేతు చేసిన సముద్రం ఏనుగంత ఉంది. రాగి చట్రంలో నీలిగాజు పలకలు, మధ్యలో వెంట్రుక కూడా దూరదు. గవరమ్మది దూడంతే. మోసుకొస్తుంటేనే రేకులు అటూ ఇటూ ఊగుతున్నాయి.

వీరకేతు పకపకా నవ్వాడు. "పళ్ళు కదిలిన తాత నోరులా ఉందే! మీ ఆయనకి బిగించడం కూడా చేతకాదా?"

సభంతా నవ్వింది. అప్పన్న తల దించుకున్నాడు. గవరమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, "చేతనవును బాబయ్యా. వద్దన్నది నేనే" అంది, వినబడీ వినబడనట్టు.

రాణి రెండిటినీ ఒకసారి చూసి, మళ్ళీ కిటికీకేసి తిరిగింది. రాజు చూపు మాత్రం పెద్దదాని మీదే ఉంది. "గెలుపు వీరకేతుదే. నగారా మోగించండి!" అన్నాడు.

ఢాం! నేల అదిరింది. వీరకేతు గాజుపలక ఒకటి టక్కుమంది. రెండో దెబ్బకి పలకలన్నీ బీటలు వారాయి. మూడో దెబ్బకి ఏనుగంత సముద్రమూ పెంకులై రాలింది.

అదే అదురుకి గవరమ్మ కెరటం లేచింది! నూరు రేకులూ ఆ కొస నుంచి ఈ కొసకి వరసగా కదిలి, మెరిసి, గలగలమంటూ వెనక్కి జారాయి.

రాణి దిగ్గున లేచింది. "ఆగండి! కెరటం వెనక్కి పోతూ గవ్వల్ని ఈడ్చుకుపోయే చప్పుడది! ఇదే, ఇదే మా సముద్రం!"

పరుగున వచ్చి చేత్తో రేకుల్ని తోసింది. మళ్ళీ కెరటం! ఇంకోసారి తోసింది. ఏడాదికి నవ్వింది. రాజు వైపు తిరిగి, "ఆకలేస్తోందండీ" అంది.

రాజు కళ్ళు చెమర్చాయి. గవరమ్మ వైపు తిరిగి, "తొందరపడ్డాను. గెలుపు నీది తల్లీ, ఏం కావాలో అడుగు" అన్నాడు.

"మా కొలిములు ఆరకూడదు మహారాజా. పొగ సంగతంటారా, గొట్టాలు ఇంకా ఎత్తుగా కట్టుకుంటాం."

"అలాగే కానీ!"

సభ చప్పట్లతో మారుమోగింది. వీరకేతు ఒక మూల పెంకులు ఏరుకుంటున్నాడు. గవరమ్మ అతని దగ్గర ఆగింది. "పారెయ్యకండి బాబయ్యా. కరిగిస్తే మళ్ళీ పనికొస్తాయి. మా కొలిమికి తీసుకురండి."

ఆ సాయంత్రం గాజులవీధిలో పన్నెండు కొలిములూ భగ్గున వెలిగాయి. ఆ పన్నెండు ఇళ్ళవాళ్ళతో పాటు వీరకేతు కూడా తిత్తి ఊదాడు.

అందుకే పిల్లలూ, పట్టుతో పాటు విడుపు కూడా తెలిసినవాళ్ళ పనే పదికాలాలు నిలుస్తుంది.