దిష్టి దిబ్బ మీద గుమ్మడి పాదు

అనగనగా, మన తాతల తాతలకు కూడా ఎవరో చెబితేనే తెలిసిన కాలంలో, మణిసాల అనే పట్నం ఉండేది. అందులో గానుగ వీధి, నేత వీధి, కుమ్మరి వీధి. మూడు వీధుల పెరళ్ళూ కలిసే చోట ఒక పాడుబడ్డ జాగా. దాని పేరు దిష్టి దిబ్బ.

ఎవరింట దిష్టి తీసినా ఆ నిమ్మకాయలూ, మిరపకాయలూ, పగలగొట్టిన బూడిద గుమ్మడికాయలూ గోడ మీంచి అక్కడికే విసిరేవారు. విసిరి, వెనక్కి చూడకుండా ఇంట్లోకి పోయేవారు. దిబ్బలో కాలు పెట్టినవాడికి ఊరందరి దిష్టీ చుట్టుకుంటుందని నమ్మకం. నేత వీధి నరసన్న ఒకసారి కాలుజారి అందులో పడి, మూడు రోజులు కడుపునొప్పితో మెలికలు తిరిగాడు. అంతకుముందే పెళ్ళివిందులో అతను ఇరవై రెండు గారెలు తిన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

దిబ్బను ఆనుకుని ఉన్న ఇల్లు తాయారుది. మొగుడు పోయాక విస్తర్లు కుట్టి బతుకుతోంది. బల్లి పలికితే గుమ్మం దాటనంత పిరికి మనిషి. కూతురు బంగారి నిండు చూలాలు, పురిటికి వచ్చి ఉంది.

ఆ శ్రావణంలో ఏరు పొంగి వంతెన కొట్టుకుపోయింది. కూరగాయల బళ్ళు అవతలి గట్టునే ఆగిపోయాయి. నెల రోజులు పట్నమంతా చింతపండు చారే. గానుగ వీధి పెద్ద పానకాలు అందరికీ ఉపవాస మహిమ బోధించి, ఇంటికెళ్ళి తలుపు గడియ వేసుకుని భోంచేసేవాడు.

ఒక ఉదయం తాయారు పెరట్లోకి వెళ్ళి నిలబడిపోయింది. దిబ్బలోంచి ఒక తీగ గోడెక్కి, ఆమె వైపు ఒక బూడిద గుమ్మడికాయను వేలాడదీసింది. తాయారు రెండడుగులు వెనక్కి వేసింది. లోపలికి పోయింది. చారు మెతుకుల ముందు బంగారి ముద్ద దిగక కూర్చుని ఉంది. తాయారు బయటికి వచ్చింది, మళ్ళీ లోపలికి పోయింది. మూడోసారి కొడవలి తెచ్చి, కళ్ళు మూసుకుని కాయ కోసింది.

పులుసు వాసనకు గోడలు అడ్డమా? మధ్యాహ్నానికి మూడు వీధులూ ముక్కులు ఎగబీలుస్తూ ఆమె గుమ్మం ముందు చేరాయి. దిబ్బ మీది కాయ ముట్టిందెవరని పానకాలు అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళు ఉంటారు. తాయారు తడుముకోలేదు.

“నేనే కోశాను, పానకాలన్నా. బిడ్డ ఆకలికి కోశాను.”

పెద్దలు గుసగుసలాడి తీర్పు చెప్పారు. మూడు రోజులు చూస్తారు. ఈలోగా మూడు వీధులకూ ఏదో ఒక కీడు తగిలితే తల్లీకూతుళ్ళను పడవ ఎక్కించి ఏటిలోకి తోసేస్తారు. ఆ పొంగులో వెళ్ళిన పడవ ఆవలి గట్టు చేరిందని అంతవరకు చెప్పినవాళ్ళు లేరు.

తాయారుకు ఆ పూట నుంచి ముద్ద దిగలేదు. మూడు వీధులు, అన్ని కొంపలు. మూడు రోజుల్లో ఒక్కో వీధిలో ఏదో ఒకటి జరగకుండా ఉంటుందా?

మొదటి రోజు కుమ్మరి వీధిలో ఆవంలో కాలుతున్న కుండలు పగిలాయి. వాళ్ళంతా వచ్చి తాయారు తలుపు వంక చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది.

రెండో రోజు నేత వీధిలో మగ్గం మీది పడుగు దారాలు తెగాయి. ఆమె ఇంటి కప్పు మీద రెండు రాళ్ళు పడ్డాయి. తాయారు కూతురి పొట్ట మీద చెయ్యి వేసింది. లోపల బిడ్డ తన్నింది. కీడు నిజంగా తన చేత్తోనే ఇంట్లోకి వచ్చిందేమోనని, చటుక్కున చెయ్యి తీసేసింది.

మూడో రోజు పొద్దు వాలేవేళ పానకాలు గానుగ ఎద్దు మాయమైంది. కర్రలతో జనం వచ్చారు. “పడవ కట్టి ఉంది, లేవండి” అన్నాడు పానకాలు. తాయారు కూతురి చెయ్యి పట్టుకుని లేచింది.

అప్పుడు పెరటి గోడ అవతల కరకరమని నమిలిన చప్పుడైంది. ఆ వెనకే ఒక బుస.

ఎద్దు దిష్టి దిబ్బలో ఉంది.

నువ్వు వెళ్ళంటే నువ్వు వెళ్ళమని మూడు వీధులూ ఒకరికొకరు దారి ఇచ్చుకున్నాయి. అంత మర్యాద ఆ పట్నంలో పెళ్ళిపందిట్లో కూడా చూడలేదు. పానకాలు గోడ పట్టుకుని కూలబడ్డాడు. ఎద్దు లేకపోతే అతనికి గానుగ లేదు.

తాయారు ముందుకు వచ్చింది. “నేను వస్తానన్నా. ఒక్కదాన్ని రాలేను, నాకూ భయమే. నీ చెయ్యి ఇవ్వు.”

“నేనా?” అన్నాడు పానకాలు.

“అందరూ రావాలి. ఒక్కరు తొక్కితే ఊరి దిష్టంతా ఒక్కరికే కదా. అందరం తొక్కితే ఎవరిది వాళ్ళకే వస్తుంది. అది మనం మోస్తున్నదేగా.”

పానకాలు గోడ పట్టుకుని లేచాడు. చెయ్యి ఇచ్చాడు. అతని చెయ్యి నరసన్న పట్టుకున్నాడు, నరసన్నది ఇంకొకరు. మూడు వీధులూ గొలుసై, ముళ్ళు తప్పించుకుంటూ దిబ్బలో అడుగుపెట్టాయి. పానకాలు కాలికి చల్లగా, నున్నగా ఏదో తగిలింది. అతను వంగి చూశాడు. గుమ్మడికాయ.

తలెత్తితే దిబ్బ నిండా కాయలే. మిరప మొక్కలు విరగకాసి ఉన్నాయి. నిమ్మ మొక్కలు నడుము ఎత్తు లేచాయి. నడుమ ఎద్దు తీగలు నములుతూ యజమాని వైపు కూడా చూడలేదు.

ముందుగా నరసన్నకు ప్రాణం లేచొచ్చింది. ఆ పాదు తమ గృహప్రవేశం నాడు కొట్టిన కాయదేనన్నాడు. ఈ మిరప మాదని ఒకరు, ఆ నిమ్మ మాదని ఒకరు.

“కాయ మీదైతే దాని దిష్టీ మీదే. విడిగా పట్టుకుపోండి” అంది తాయారు.

చాచిన చేతులన్నీ వెనక్కి వచ్చాయి. ఎవరిదీ కాని తోట కాబట్టి అందరిదీ అయింది. ఆ పూట మూడు వీధుల్లోనూ పులుసు ఉడికింది. పడవ మాట మళ్ళీ ఎత్తినవాళ్ళు లేరు. ఆ కాయలు మంచివని తాను మొదటి నుంచీ అంటూనే ఉన్నానని పానకాలు చెప్పుకున్నాడు.

తర్వాత ముళ్ళు నరికారు, పాదులు తవ్వారు, బెండా వంగా వేశారు. ఒక్కరు వెళ్ళడానికి భయం కనుక పదిమందీ కలిసే వెళ్ళేవారు. పోనుపోను భయం పోయింది, కలిసి వెళ్ళడం మిగిలింది.

ఒక్కరిని బెదిరించే నేలే, పదిమంది చేయీ చేయీ పట్టుకుని దిగితే కూడు పెడుతుంది.