ముద్ర చెరపని రథం

అనగా అనగా, వార్తలన్నీ రథాల మీదే నడిచే కాలంలో వేగవతీపురమనే రాజ్యం. అక్కడ ముప్పమ అనే యువతి ఆరేళ్లు ఉప్పు బస్తాలు తోలి, చివరికి ఉప్పు బండి కూడా అమ్మేసి, ఒక పందెపు రథం కొనుక్కుంది.

రథంతో పాటు దాన్ని చేసిన రథకారుల శ్రేణి, అంటే వాళ్ల సంఘం, ఆమెకొక పూచీ ఆకు ఇచ్చింది. "మూడేళ్లలోగా ఇరుసు విరిగితే మేమే కొత్తది వేస్తాం. ఇరుసు మీది మా లక్క ముద్ర చెదిరితే మా పూచీ లేదు" అని ఆ ఆకు మీద రాసి ఉంది.

ఆ ఏడు రాజు రథాల పందెం చాటించాడు. గెలిచినవారికి సరిహద్దు వార్తలు మోసే కొలువు దొరుకుతుంది. గెలవకపోతే ముప్పమకు తిరిగి వెళ్లడానికి ఉప్పు బండి కూడా లేదు.

వర్తకుడి కొడుకు గోకర్ణుడిదీ అలాంటి రథమే. అతడొచ్చి చెవిలో చెప్పాడు.

"ముద్ర విప్పి ఇరుసు సన్నగా చెక్కించు ముప్పమా. గాలిలా పోతుంది. నేను చెక్కించి, మళ్లీ లక్క పోయించేశాను. ఎవడు చూడొచ్చాడు?"

"విరిగితే?"

"విరగదులే! ఇంత పిరికిదానివి పందేనికెందుకు? ఉప్పు తోలుకోక!"

"శ్రేణివాళ్లు మాట తప్పకూడదంటే ముందు నేను తప్పకూడదు" అంది ముప్పమ.

ఆమె పూచీ ఆకును ముమ్మారు చదివింది. వద్దన్నది ఇరుసు ఒక్కటే. మిగిలిందంతా తనదే.

మొదట ఇత్తడి గంటలు, సింహాల బొమ్మలు ఊడదీసింది. రథం తేలికైంది. తర్వాత గుర్రాల మెడకొలతకు సరిపడా కాడికి కొత్త మెత్తలు కుట్టించింది. మెడలు ఒరుసుకోక గుర్రాలు రెండూ సమంగా లాగాయి. మూడోసారి చక్రాలకు తోలు పట్టీలు బిగించింది. మలుపుల్లో జారడం మానింది.

ప్రతిసారీ శ్రేణి పెద్ద మాచోజు దగ్గరికి వెళ్లి, "తాతా, ఇది మీ ముద్రకు అడ్డమా?" అని అడిగింది. ప్రతిసారీ ఆయన తలెత్తకుండానే, "నీ రథం, నీ ఇష్టం తల్లీ" అన్నాడు.

పందెం ఇంకా ఐదు రోజులుందనగా, చదునైన దారిలో, నడక మీద వెళ్తుండగానే ఇరుసు ఫెళ్లున చిట్లింది. ముద్ర మాత్రం చెక్కు చెదరలేదు.

ముప్పమ పూచీ ఆకు పట్టుకుని శ్రేణికి పరుగెత్తింది. మాచోజు రథం చుట్టూ ఒకసారి తిరిగాడు.

"గంటలేవి? బొమ్మలేవి? మేం చేసిన రథం కాదిది. పూచీ లేదు, పో."

"గంటలు లేక ఇరుసు విరిగిందా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది తాతా!"

"నోరు జాస్తి నీకు!"

ఆమె నేరుగా కొలువుకూటానికి వెళ్లింది. రాజు మాచోజును పిలిపించాడు.

"గంటలు తీస్తే రథం తూకం చెడింది ప్రభూ" అన్నాడు మాచోజు.

"బరువు తగ్గితే ఇరుసుకు సుఖమా, కష్టమా?" అని అడిగింది ముప్పమ.

"మెత్తలు మార్చింది. గుర్రాలు ఎక్కువ లాగాయి."

"ఆ పూట నడక మీదున్నాయి. దారిన పోయేవాళ్లంతా చూశారు."

"ఆ తోలు పట్టీలు..." అంటూ మొదలుపెట్టాడు మాచోజు.

రాజు చెయ్యెత్తాడు. "ఆమె మార్పు వల్లే విరిగిందని చూపు, ఆమెను పంపించేస్తాను. చూపలేకపోతే కొత్త ఇరుసు వెయ్యి."

"ముద్ర విప్పితే తెలుస్తుంది ప్రభూ" అంది ముప్పమ. "కానీ ఆయనే విప్పాలి. నా చెయ్యి పడితే మళ్లీ నా తప్పంటారు. పూచీ అంటే దయ కాదు, ఇచ్చిన మాట. మాట అడగడానికి మేం చేతులు జోడించనక్కర్లేదు."

మాచోజు లక్క గీకాడు. లోపల కర్ర పుచ్చిపోయి ఉంది. పురుగు తొలిచిన బొక్కల్లో రంపపు పొట్టు కూరి, పైన నున్నగా రంగు పూశారు.

మూడో రోజుకల్లా శ్రేణి చేవ తేలిన కర్రతో కొత్త ఇరుసు వేసి, కొత్త ముద్ర కొట్టింది.

పందెంలో మూడు చుట్లు. మొదటి చుట్టు గోకర్ణుడిదే. రెండోదీ అతడిదే. మూడో చుట్టు మలుపులో అతడి సన్నని ఇరుసు పుటుక్కున విరిగింది. గోకర్ణుడు దుమ్ములోంచి లేచి, "మాచోజూ, నా పూచీ!" అని అరిచాడు. మాచోజు వంగి లక్క చూశాడు. "ఇది మా ముద్ర కాదు బాబూ" అన్నాడు. ఈసారి ఆయన చెప్పింది నిజం.

ఈలోగా ముప్పమ అందరికంటే ముందు గెలుపు గీత దాటేసింది.

మర్నాడు తెల్లవారకముందే ఆమె రథం సరిహద్దు దారి పట్టింది. ఆమె మోసుకెళ్లిన మొదటి వార్త రాజాజ్ఞే. "తప్పు కొన్నవారిదని చూపించేదాకా, చేసినవారు తమ పూచీ నుంచి తప్పుకోరాదు" అని అందులో ఉంది.

నీతి: ఒప్పుకున్న హద్దు దాటనివాడు ఎంతటివాడినైనా నిలదీయగలడు, దొంగచాటుగా దాటినవాడికి అడిగే నోరుండదు.