ఏటికి అవతల బెల్లం

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్లందరూ మన దేశంలోనే ఉండిపోయారు, మనకు చాలా దూరంలో. నేను చెబుదామనుకుంటూనే ఇన్నాళ్లూ వాయిదా వేశాను. కుక్కపిల్లను తెచ్చుకుందామని మీరు నెల్లాళ్లుగా అడుగుతున్నారు. నేను సరేననీ అనలేదు, వద్దనీ అనలేదు. ముందు ఇది వినండి. ఇది నేను కళ్లారా చూసింది కాదు, చిన్నప్పుడు విన్నది. గుర్తున్నంతవరకూ ఏమీ మార్చకుండా చెబుతాను.

ఏరు సముద్రంలో కలిసే చోట, గవ్వలరేవు అనే చిన్న ఊళ్లో, గడియారాలు బాగుచేసే జోగారావు ఉండేవాడు. పనిలో చాలా నిక్కచ్చి మనిషే కాని, నలుగురూ నవ్వుతారన్న భయం పట్టుకుంటే చాలు, నోటికి ఏ అబద్ధం వస్తే అది చెప్పేసేవాడు.

చలికాలంలో గవ్వలరేవులో పొద్దుటిపూట ఏదీ పూర్తిగా కనిపించేది కాదు. ఏటి మీద నుంచి పొగమంచు లేచి వీధుల్లోకి నడిచి వచ్చేది. ఎదురుగా వచ్చే మనిషి కంటే ముందు అతని దగ్గు వినిపించేది. ఏటికి అవతల ఉప్పు మడులు ఉండేవి. మంచులో చూస్తే అక్కడి తెల్లటి ఉప్పు కుప్పలు నేల మీద కాక గాలిలో తేలుతున్నట్టు ఉండేవి. ఆ ఊరి పిల్లలు వాటిని దిగివచ్చిన మబ్బులనుకునేవారట.

ఒకసారి ఒక లారీ డ్రైవరు తన చేతిగడియారం బాగుచేసినందుకు జోగారావుకి ఒక కుక్కపిల్లను ఇచ్చాడు. మంచు దేశాల్లో గొర్రెలను కాసే జాతి అని చెప్పి మరీ ఇచ్చాడు. జోగారావు ఆ మాట వీధి వీధంతా చెప్పాడు. పెరిగితే దీని మెడ చుట్టూ జూలు వస్తుందన్నాడు, నడుమెత్తు ఉంటుందన్నాడు. అతని కూతురు హైమకు ఎనిమిదేళ్లు. ఆ పిల్లకు జాతితో పనిలేదు. అప్పుడే అచ్చులోంచి తీసిన బెల్లం రంగులో ఉందని దానికి బెల్లం అని పేరు పెట్టింది. బడి నుంచి రాగానే ఏటి ఒడ్డు మెట్ల మీద నిలబడి, 'బె' దగ్గర సాగదీసి, 'ల్లం' దగ్గర పైకి ఎత్తి ఒక రాగంలా పిలిచేది. అది ఎక్కడున్నా పరిగెత్తుకుంటూ వచ్చేది.

బెల్లం పెరిగింది. జూలు రాలేదు. నడుమెత్తూ రాలేదు. ఒక చెవి నిక్కి, ఒక చెవి మడతపడి, తోక చక్రంలా చుట్టుకుని, ఆ ఊరి వీధుల్లో తిరిగే అన్ని కుక్కల్లాగానే తయారైంది. ఎదురింటి బుచ్చిబాబుకి రోజూ అదే పని. పేపరు చదివే నెపంతో జోగారావు కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, "ఏం జోగారావూ, మీ దొరగారికి మన వీధి భాష బాగా వంటబట్టిందే," అనేవాడు. కొట్టుకి వచ్చినవాళ్లంతా నవ్వేవారు. బెల్లం కూడా తనతోనే ఆడుతున్నారనుకుని తోక ఊపేది. జోగారావుకి మాత్రం చెవులు ఎర్రబడేవి. ఆ నవ్వు రాత్రి అన్నం తినేటప్పుడు కూడా వినిపిస్తున్నట్టే ఉండేది. క్రమంగా అతనికి కుక్కను చూస్తేనే కోపం వచ్చేది.

ఏటికి అవతల, ఉప్పు నిలవచేసే ఒక పాత కొఠారులో నూకరత్నం అనే ఆవిడ ఎవరికీ అక్కర్లేని కుక్కలను సాకేది. పశువుల ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మనిషి. గజ్జి పట్టినవాటికి మందు రాసేది, కాలు విరిగినవాటికి కట్టు కట్టేది, సూదులు వేయించేది, మంచి ఇల్లు దొరికితే పంపేది. కుక్కను వదలడానికి వచ్చినవాళ్లను ఎందుకు వదులుతున్నారని ఆవిడ అడిగేది కాదు, తిట్టేదీ కాదు. రెండే అడిగేది. ఒకటి, ఇంట్లో దాన్ని పిలిచే పేరు. రెండు, వదిలే మనిషి ఒంటి మీద వాడిన గుడ్డ. ఇల్లు ఎలాగూ పోయింది, పేరూ వాసనా అన్నా దానికి మిగలాలి కదా అనేది. ఆ గుడ్డ పరిచి దాని మీద పడుకోబెట్టి, ఆ పేరుతో పిలిచేది. ఎంత బెంగపడిన కుక్కయినా నాలుగు రోజుల్లో కుదుటపడేది.

మార్గశిర మాసంలో ఒక పొద్దున జోగారావు బెల్లాన్ని తీసుకుని బయలుదేరాడు. రేవు పడవలో వెళితే నలుగురూ చూస్తారని, వంతెన మీదుగా చుట్టు తిరిగి ఆటోలో వెళ్లాడు. ముఖం కనబడకుండా మఫ్లరు చుట్టుకున్నాడు. బెల్లం షికారుకి తీసుకెళుతున్నారనుకుని దారంతా గాలి పీలుస్తూ కూర్చుంది.

"దీని పేరేటి బాబూ?" అని నూకరత్నం అడిగింది.

"నాకేం తెలుసమ్మా, నాది కాదు. దారిలో దొరికింది," అన్నాడు జోగారావు.

తనది కాదన్నాక గుడ్డ ఇవ్వడం కుదరదు. పేరు చెప్పడమూ కుదరదు. అతను వెనక్కి తిరిగి మంచులోకి నడిచాడు. బెల్లం అరవలేదు. ఇప్పుడే వస్తాడన్నట్టు కూర్చుని చూసింది.

ఇంటికి వచ్చి, సముద్రపు ఒడ్డున తాడు తెంపుకుని పారిపోయిందని హైమతో చెప్పాడు. వీధిలోనూ అదే చెప్పాడు. బుచ్చిబాబు అయ్యో అని, ఆ తరవాత మళ్లీ దాని ఊసెత్తలేదు. నవ్వు ఆగిపోయింది. జోగారావు కోరుకున్నది అదే. కాని హైమ ఆగలేదు. రోజూ బడికి వెళ్లేముందు ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి ఏటి మెట్ల మీద నిలబడి పిలిచేది. చిన్న గిన్నెలో అన్నం పెట్టి ఉంచేది. జోగారావు కంటికి భూతద్దం బిగించుకుని, ఏదో ఒక గడియారం మీదకి వంగిపోయేవాడు. ఎన్ని గడియారాలు టిక్కుటిక్కుమంటున్నా, ఆ పిలుపు వాటన్నిటినీ దాటుకుని అతని దగ్గరికి వచ్చేది.

ఆ పిలుపు ఏటినీ దాటేది. అవతలి ఒడ్డున మనుషుల చెవికి అది గాలి చప్పుడులా ఉండేది. పేరు లేని ఆ కుక్క మాత్రం లేచి, నీటి అంచు దాకా వెళ్లి, మడత చెవి కూడా నిక్కించి నిలబడేది. ఉప్పు మడుల్లో ఆకాశం, ఆకాశంలో ఉప్పు కుప్పలు, మధ్యలో ఆ కుక్క. నూకరత్నం దాన్ని రాజా అని పిలిచింది, టైగరు అని పిలిచింది, లక్ష్మీ అని కూడా పిలిచింది. దేనికీ తల తిప్పలేదు. గంజి రెండు గుక్కలు తాగి వదిలేసేది. మూడు వారాల్లో పక్కటెముకలు బయటపడ్డాయి.

ఇంతలో కొఠారులోని గోడ గడియారం ఆగిపోయింది. దాని గంటలు వింటేనే కుక్కలన్నీ తిండికి వరసగా వచ్చేవి. నూకరత్నం దాన్ని సంచిలో పెట్టుకుని పడవెక్కి జోగారావు కొట్టుకి వచ్చింది. మఫ్లరు లేని ముఖాన్ని ఆవిడ గుర్తుపట్టలేదు. గడియారం విప్పుతుంటే, మాటల్లో మాటగా ఒక కుక్క సంగతి చెప్పింది. పేరు లేకుండా వచ్చిందని, దాన్ని తెచ్చినాయనకు కూడా పేరు తెలియదన్నాడని, పిలిచే మాట దొరక్క అది తన కళ్ల ముందే చచ్చిపోయేలా ఉందని చెప్పింది.

జోగారావు చేతిలోని స్క్రూ జారి కింద పడింది. పేరు నాలుక చివర దాకా వచ్చింది. బల్ల మీద బుచ్చిబాబు పేపరు తిప్పుతున్నాడు. జోగారావు వంగి స్క్రూ వెతుక్కున్నాడు. లేచేసరికి నోట్లో మాట లేదు. గడియారాన్ని తనే తెచ్చి ఇస్తానని మాత్రం అన్నాడు.

మూడో రోజు పొద్దున, బాగుచేసిన గడియారాన్ని ఒళ్లో పెట్టుకుని పడవలో కూర్చున్నాడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే పడవ ముందు భాగం వెనక కూర్చున్నవాళ్లకు కనిపించలేదు. పడవ పాలల్లో పోతున్నట్టుంది. అవతల చెల్లెలి ఇంటికి వెళుతూ బుచ్చిబాబు కూడా అందులోనే ఉన్నాడు. పడవ కదులుతుండగా మెట్ల మీద నుంచి హైమ పిలుపు ఒక్కసారి వినిపించింది. తరవాత ఆ పిల్ల బడికి వెళ్లిపోయింది.

ఏటి నడిమికి వచ్చేసరికి అవతలి నుంచి నూకరత్నం కేక వినబడింది. పేరు లేని కుక్క నీళ్లలోకి దిగిపోయిందట. పడవలో ఎవరికైనా కనిపిస్తోందా అని అడుగుతోంది. పడవతను గడవేయడం ఆపాడు. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఎక్కడో మంచులో నీళ్లు కదిలిన చప్పుడు, సన్నటి మూలుగు. ఆటు మొదలైంది, నీరు సముద్రం వైపు లాగుతోందని పడవతను అన్నాడు. ఏ పిలుపు విని దిగిందో, ఆ పిలుపు ఇప్పుడు ఆగిపోయింది. ఎటు ఈదాలో దానికి తెలియడం లేదు.

పడవలోవాళ్లు తలా ఒక పేరు పెట్టి పిలిచారు. మూలుగు ఇంకొంచెం దూరంగా జరిగింది.

అది ఏ కుక్కో ఆ పడవలో జోగారావు ఒక్కడికే తెలుసు. పిలిస్తే బుచ్చిబాబుకి తెలిసిపోతుంది. ఆ సాయంత్రానికి వీధికి తెలుస్తుంది. హైమకు తెలుస్తుంది. ఒళ్లో గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఒక్కొక్క చప్పుడుకీ ఆ మూలుగు ఒక్కొక్క బారెడు దూరం పోతోంది. చివరికి అది వినీ వినిపించనంత సన్నబడింది.

జోగారావు లేచి నిలబడ్డాడు. తన కూతురు పిలిచినట్టే, 'బె' దగ్గర సాగదీసి, 'ల్లం' దగ్గర పైకి ఎత్తి పిలిచాడు.

"బెల్లం..."

నీళ్ల చప్పుడు ఆగింది. మళ్లీ పిలిచాడు. గొంతు బొంగురుపోయినా ఆపకుండా పిలిచాడు. చాలాసేపటికి మంచులోంచి ముందు ఒక నిక్కిన చెవి, తరవాత ఒక మడత చెవి, తరవాత రెండు కళ్లు బయటికి వచ్చాయి. పడవతనూ బుచ్చిబాబూ కలిసి దాన్ని పైకి లాగారు. అది అందరి మీదా నీళ్లు విదిలించి, వచ్చి జోగారావు చేతిని నాకింది. ఎందుకు వదిలావని అది అడగలేదు. అడగకపోవడం వల్లే జోగారావు తల ఎత్తలేకపోయాడు.

బుచ్చిబాబు తన తువ్వాలుతో దాని వీపు తుడుస్తూ, "ఏ జాతైతేనేం జోగారావూ, ఈత వచ్చిన జాతి," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఒడ్డున జోగారావు జరిగిందంతా నూకరత్నానికి చెప్పి, తన చొక్కా విప్పి ఆవిడ చేతిలో పెట్టాడు. తడిసిన కుక్కను ఆవిడ అందులో చుట్టింది.

"ఇంటికి తీసుకెళ్దురు గాని బాబూ. ముందు వెళ్లి పాపకు నిజం చెప్పండి. పాపను తీసుకుని రండి. అప్పుడిస్తాను," అంది.

జోగారావు ఆ సాయంత్రం చెప్పాడు. హైమ ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"నేను రోజూ పిలుస్తుంటే నీకు వినిపించేది కదా నాన్నా?"

"వినిపించేదమ్మా," అన్నాడు.

మర్నాడు బెల్లం ఇంటికి వచ్చింది. ఆ పూటే గిన్నెడు అన్నం తింది. పిలిచిన క్షణంలోనే అది జోగారావుని క్షమించేసింది. హైమకు అంత తేలిగ్గా కాలేదు. ఆ తరవాత తండ్రి ఏం చెప్పినా, వాన వచ్చేలా ఉందని చెప్పినా, "నిజంగానా నాన్నా?" అని అడిగేది. జోగారావు విసుక్కోకుండా ప్రతిసారీ "నిజమేనమ్మా" అనేవాడు. ఆదివారాలు ఇద్దరూ పడవెక్కి కొఠారుకి వెళ్లేవారు. అతను గోడ గడియారానికి కీ ఇచ్చి, కొత్తగా వచ్చిన కుక్కల పక్కన కూర్చుని వాటి వాటి పేర్లతో పిలుస్తుండేవాడు. ఆ పిల్ల అలా అడగడం మానేసరికి మూడేళ్లు పట్టింది.

ఇదీ కథ, పిల్లలూ. తెచ్చుకున్న ప్రాణి ఎలా పెరిగినా, అది బతికినంత కాలం నలుగురి ముందూ మనదే అని ఒప్పుకోవాలి. అంత ధైర్యం లేనివాళ్లు తెచ్చుకోకూడదు. సాకలేనంత కష్టం నిజంగానే వస్తే, దాని పేరు చెప్పి, నిజం చెప్పి మంచి చేతుల్లో పెట్టాలి.

మీరిద్దరూ రేపు బాగా ఆలోచించుకుని నాకు జవాబు చెప్పండి. కుక్కపిల్ల కావాలని అడిగే మీ స్నేహితులకు కూడా ఈ కథ చెప్పండి. వాళ్లకు అర్థమయ్యే భాషలోనే చెప్పండి, పరవాలేదు. కాని దాని పేరు మాత్రం మార్చకండి. హైమ పిలిచినట్టే పిలిచి చెప్పండి.