దేవదారు పొట్టు పరుపు

కుందేలు ముందురోజు నుంచి మేత ముట్టలేదు. ఒకటే తుమ్ములు. కళ్ళు చెమర్చి, డొక్కలు కొలిమి తిత్తిలా ఎగసిపడుతున్నాయి.

అది అట్లాంటిట్లాంటి కుందేలు కాదు మరి. కొండకింద ఫకీర్లుండే తకియాలో ఉండే పీరాన్ బాబా, కుక్కల నోట్లోంచి విడిపించి తెచ్చుకున్నది. ఆయన పొరుగూరికి పోతూ శిష్యుడు జమాల్‌వలితో ఒక్కటే మాట చెప్పారు, "దీని ప్రాణం నీ చేతిలో పెడుతున్నా" అని.

ఆయన తిరిగొచ్చేసరికి జమాల్‌వలి కుందేలు గూటి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు.

"బాబా, దిష్టి తగిలినట్టుంది. ఒక్కసారి చదివి ఊదండి."

బాబా కుందేలుని ఒళ్ళోకి తీసుకున్నారు. "కింద ఏం పరిచినావురా?"

అంత భయంలోనూ మనవాడికి కాస్త గర్వం తొంగిచూసింది చూడండి. "దేవదారు పొట్టు బాబా. సామిల్లులో అడిగి తెచ్చినా. గడ్డి పరిస్తే కంపు కొడతాందని వచ్చేటోళ్ళు ముక్కులు మూసుకుంటా ఉండిరి. ఇప్పుడు గడప తొక్కగానే అత్తరు వాసన అంటాండారు."

"అట్లనా. అయితే నేనూ పండుకుంటా."

కుందేలుని శిష్యుడి చేతికిచ్చి, గూట్లోని పొట్టంతా తన చాప మీదికి దులుపుకున్నారు. గుప్పున దుమ్ము లేచింది. బాబాది ఉబ్బసం ఒళ్ళు, ఆ సంగతి తకియాలో అందరికీ తెలుసు. అయినా బోర్లా పడుకుని, ముక్కు ఆ పొట్టులోనే పెట్టారు. కుందేలు ముక్కు ఉండే ఎత్తు అదే కదా మరి.

కాసేపటికి ఆయన గుండెలో పిల్లికూతలు మొదలయ్యాయి.

"లేయండి బాబా."

"వాసన బాగుందిరా." దగ్గు తెర వచ్చింది. "నువ్వు చెప్పింది నిజమే."

చేతుల్లో కుందేలు ఎగపోస్తోంది. చాప మీద గురువు ఎగపోస్తున్నారు. రెండూ ఒకే తీరు.

"మీ కాళ్ళు పట్టుకుంటా, లేయండి. నాకు భయమైతాంది."

"ఇంకొంచేపు. అది నిన్నంతా పండుకోలేదా?"

జమాల్‌వలి ఆయన్ని భుజం పట్టి లేపి బయట గాలికి కూర్చోబెట్టి, కుందేలుని ఆయన ఒళ్ళో పెట్టాడు. పొట్టంతా ఊడ్చి దూరంగా పారబోశాడు. గూడు కడిగి తుడిచి, అడుగున పాత కాగితాలు వేసి, దుమ్ము దులిపిన ఎండుగడ్డి మందంగా పరిచాడు. ఆ తర్వాత తానే గూట్లోకి తల దూర్చి, గడ్డి మీద చెంప ఆనించి ఊపిరి పీల్చాడు. ఏదో గుచ్చుకుంది. వెదికి, పల్లేరుకాయ తీసి అవతల పారేశాడు. మళ్ళీ చెంప ఆనించి చూశాడు.

కుందేలుని తెచ్చి గూట్లో దించాడు. అది కదల్లేదు.

"బతుకుతుందా బాబా?"

బాబాకి ఇంకా ఊపిరి సరిగా అందడం లేదు. "నన్నెందుకురా, దాన్నడుగు."

పొద్దు వాలేదాకా ఇద్దరూ గూటి ముందే కూర్చున్నారు. ఎప్పుడూ వచ్చే పెద్దాయన ఒకరు గడప తొక్కి, "ఏం వలీ, అత్తరు వాసన ఏమైంది?" అన్నాడు.

జమాల్‌వలి మాట్లాడొద్దని చెయ్యెత్తాడు.

గూట్లో గడ్డిపోచ ఒకటి కుందేలు పళ్ళ కింద పుటుక్కుమంది.