చివరి పాతర

మబ్బు పట్టగానే ఊరంతా వరి చల్లేది. ఒక్కడు మాత్రం సగం చేలో వరి, సగం చేలో జొన్న చల్లేవాడు.

"వాన మీద నమ్మకం లేదా నీకు?" అని నవ్వారు జనం.

"ఉంది. ఎండ మీద కూడా ఉంది," అన్నాడతను.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఊరి చేలన్నీ మాడాయి, అతని జొన్న నిలిచింది. నవ్విన నోళ్లే మరుసటి ఏడు విత్తనాలు మోసుకొచ్చి, "మా గింజలూ నువ్వే చల్లిపెట్టు, పండినదాంట్లో నీ వాటా తీసుకో" అన్నాయి.

తీసుకున్నాడు. ఎందుకు తీసుకోకూడదు? మట్టి నమిలి తేమ కనిపెట్టింది అతను. పండనినాడు తిట్లు తిన్నదీ అతనే! ఎవరి పంట వాళ్ల ఇంటికి చేర్చి, తన వాటా మాత్రం నేలలో పాతరలు తవ్వి దాచాడు.

తర్వాత పెద్ద కరువు వచ్చింది. అతను పాతరలు ఒక్కొక్కటే తెరిచి, ఆకలితో వచ్చినవాళ్లకు పంచాడు. చివరికి ఒక్కటి మిగిలింది. అది రేపటి విత్తనానికీ తన ముసలితనానికీ.

ఏటి అవతల నుంచి ఒక ముసలమ్మ పిల్లల గుంపును వెంటేసుకుని వచ్చింది.

"మీ ఊరివాళ్లు నాకు ఒక్క గింజా ఇచ్చినవాళ్లు కారే?" అన్నాడతను.

"ఇవ్వలేదు నాయనా. నిన్ను పిరికివాడని పాట కట్టి పాడినవాళ్లం."

అతనికి నవ్వొచ్చింది. "సగం తీసి మూసేస్తాను, పట్టుకెళ్లండి."

"గాలి తగిలిన పాతరను మళ్లీ మూస్తే గింజ ముక్కిపోదూ? ఇంత పండించినవాడివి, ఆ మాత్రం మరిచిపోయావా! తీస్తే అంతా తియ్యి. లేదంటే పొమ్మను. పిల్లలు ఎండకు నిలబడలేరు."

బతుకంతా సగం ఇటు, సగం అటు పెట్టిన మనిషి. గడ్డపార అందుకుని పాతర మీది బండ దొర్లించాడు. లోపలి చెడుగాలి పోయేదాకా ఆగి, తానే దిగి తోడాడు. ముసలమ్మ అక్కడే అంబలి కాచింది.

కాసేపటికి పక్క చేను రైతు పరుగెత్తుకొచ్చాడు.

"ఊడ్చిపెట్టేశావా పెద్దాయనా! వచ్చే ఏటికి ఏం దాచుకున్నావయ్యా?"

అతను పాతర అంచున కూర్చుని ఉన్నాడు. అడుగున రాలిన గింజలు ఏరుకోవడానికి దిగిన పిల్లలు, కడుపులు నిండి, ఆ చల్లదనానికి ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు.

"మెల్లగా మాట్లాడు," అన్నాడతను.