పెళుసెక్కిన మైనం

పొద్దున్నించీ మైనం త్రినాథ్ మాట వినడం లేదు.

ఆసుపత్రి వెనక, మార్చురీకి పోయే దారిలో ఉన్న ల్యాబులో అతని ఉద్యోగం. డాక్టర్లు కోసి పంపిన కండముక్కల్ని కరిగిన మైనంలో పెట్టి గట్టిపరుస్తారు. ఆ బిళ్ళని బ్లాకంటారు. బ్లాకుని మిషనుకి బిగించి చక్రం తిప్పితే, అది కత్తి మీదుగా దిగుతూ ఉల్లిపొర కన్నా పల్చటి పొర వదుల్తుంది. ఆ పొరని గోరువెచ్చని నీళ్ళ మీద తేల్చి, గాజుపలక మీదికెత్తి, రంగేస్తే, అప్పుడు గాని మేడ మీదున్న పెద్ద డాక్టరుగారికి రోగమేదో తెలియదు. చెప్పుకోవడానికి ఇంతే. చెయ్యడానికి కూర్చుంటే నడుములు పడిపోతాయి.

ఆవేళ అతని మిషను మీదున్నది తౌడమ్మ అనే రోగి కాలేయం. కాలేయమంటే కాలేయం కాదు, సూదితో గుచ్చి లాగిన దారప్పోగంత ముక్క. గుచ్చిన రోజు ఆవిడకి రక్తం ఎంతకీ ఆగక అందరూ హడలిపోయారట. "మళ్ళీ గుచ్చితే మనిషి దక్కదు, ఈ ముక్కతోనే తేల్చండి" అని చెప్పి పంపారు. అలాంటి ముక్కలో సగానికి పైగా త్రినాథ్ అప్పటికే నుగ్గు చేసేశాడు.

చక్రం తిప్పడం ఆలస్యం, పొర బీటలు వారి, పొడిపొడిగా కత్తి అంచున రాలిపోతోంది. ఎండాకాలం కదా, మైనం మెత్తబడిందేమోనని బ్లాకుని ఐసు మీద పెట్టాడు. ఇంకా పగిలింది. ఇంకాసేపు పెట్టాడు. ఇంకా ఇంకా పగిలింది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు! కత్తి మార్చాడు, కోణం మార్చాడు, మిషను అమ్మినవాణ్ణి పేరు పెట్టి తిట్టాడు, ఐసు మాత్రం మానలేదు.

ఇక గొంతెండిపోయి, మంచినీళ్ళ కోసం బయటికొచ్చాడు. మెట్ల మీద తౌడమ్మ పెనిమిటి కూర్చునున్నాడు. తువ్వాలు మెడచుట్టూ వేసుకుని, అతన్ని చూసి గబుక్కున లేచాడు.

"బాబూ, మా ఇంటిదాని ముక్క బాగొచ్చిందా?"

"ఆఁ, వచ్చింది."

"మళ్ళీ సూది పొడవక్కర్లేదు గదా?"

"అక్కర్లేదు."

ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. త్రినాథ్ నీళ్ళు తాగకుండానే లోపలికొచ్చేశాడు.

లోపల కిటికీ పక్కన రాహేలమ్మగారు తన మిషను ముందు కూర్చుని ఉన్నారు. ఆ గదిలో పని నేర్చినవాళ్ళంతా ఆవిడ చేతికింద నేర్చినవాళ్ళే. నేర్పడమంటే పాఠాలు చెప్పడం కాదు, ఆవిడకి అంత ఓపికా లేదు. పక్కన కూర్చోబెట్టుకుంటారు. చూసి నేర్చుకుంటే నేర్చుకున్నట్టు, లేకపోతే లేదు. త్రినాథ్ వచ్చి ఆవిడ ఎదుట నిలబడ్డాడు.

"అమ్మా, నా వల్ల కాదు. నేను మానేస్తాను."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏటి మానేస్తావు నాయనా, ఆ బ్లాకా, ఉద్యోగమా?" అన్నారు.

"రెండూ."

మోకాళ్ళ మీద చేతులానించి, మెల్లగా లేచి వచ్చారు. కత్తి కింద పళ్ళెంలో రాలిన పొడి చూశారు. బ్లాకు వేలితో తాకి చూశారు. అది చెయ్యి జిల్లుమనేంత చల్లగా ఉంది. మైనం మధ్యలో నూలుపోగులాంటి ముక్క ఇంకా కాస్త మిగిలుంది. "అయ్యో తల్లీ" అన్నారు. అది తౌడమ్మనన్నారో, ముక్కనన్నారో.

తిడతారని త్రినాథ్ తల దించుకుని నిలబడ్డాడు. నిజం చెప్పాలంటే తిట్టాలని కోరుకున్నాడు కూడా. నాలుగు తిట్లు పడితే మానెయ్యడం తేలికవుతుంది కదా!

"చక్రం నేను తిప్పుతాను. నువ్విలా పక్కకొచ్చి కూర్చో" అన్నారావిడ.

కూర్చున్నాడు. ఆవిడ బ్లాకుని పైకెత్తి ఆపి, కత్తికి అడ్డుపట్టీ వేశారు. "మొహం ఇంకొంచెం ముందుకి పెట్టు. కత్తి వైపు కాదు, బ్లాకు ఎదురుగా. ఊఁ, అలాగ. ఇప్పుడు చెప్పు, ఎందుకు మానేస్తావు?"

"ఇప్పుడా అమ్మా?"

"చేతులకే కదా పని? చెవులు ఖాళీయే."

త్రినాథ్‌కి ఒళ్ళు మండింది. ఇక్కడ ముక్క పోతోంటే ఈవిడకి కబుర్లు కావాల్సొచ్చాయి! మండుతూనే మొదలెట్టాడు.

"ఈ వాసనమ్మా. ఎంత తోముకున్నా వదలదు. అన్నం వడ్డించి మా అమ్మే అంత దూరం జరిగి కూర్చుంటుంది."

ఆవిడ అడ్డుపట్టీ తీసి ఒక్కసారి చక్రం తిప్పారు. పొర సగం దాకా వచ్చి చిట్లింది. అడ్డుపట్టీ మళ్ళీ వేశారు.

"ఊఁ, ఇంకా?"

"ఇంకేముంది? ఇవాళ బకెట్టు ఖాళీ చేస్తే తెల్లారేసరికి మళ్ళీ నిండుతుంది. గర్భసంచులు, పేగులు, కుళ్ళిన వేళ్ళు. ఎవరివో ఏమిటో. నయమైనవాళ్ళు డాక్టరుగారికి పళ్ళు పట్టుకొస్తారు. మనమొకళ్ళం ఉన్నామని ఎవడికి తెలుసు?"

ఆవిడ తిప్పలేదు. "అంతేనా?"

"అంతే."

"దానికెవరూ మానెయ్యరులే" అన్నారు.

ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. త్రినాథ్ కళ్ళెదుట, బెత్తెడు దూరంలో, ఆ తెల్లటి మైనం. అందులో ఆ పోగు. దాన్ని అంత దగ్గరగా, ఏ పనీ చెయ్యకుండా, అతనెప్పుడూ చూడలేదు.

"ఆయన మెట్ల మీద కూర్చున్నాడమ్మా" అన్నాడు. "ముక్క బాగొచ్చిందని చెప్పేశాను. దండం పెట్టాడు. పొడి చేసి పెట్టినవాడికి దండం పెట్టాడమ్మా! నిద్రపోతే కలలో కూడా చక్రమే తిప్పుతున్నాను. చేతులు నావి కావనిపిస్తోంది. అలిసిపోయానమ్మా. ఇంక లేదు నాలో."

పొట్ట అడుగునించి పెద్ద నిట్టూర్పు వచ్చింది. దాచుకుందామన్నా ఆగలేదు. అది వెళ్ళి మైనం మీద పడింది. నున్నటి మైనం ఆ వెచ్చటి తడికి ఒక్క క్షణం మసకేసి, మళ్ళీ తేటపడింది.

రాహేలమ్మగారు పట్టీ తీసి, తొందరపడకుండా చక్రం తిప్పారు.

పొర వచ్చింది. చిట్లలేదు, ముడుచుకోలేదు. నిండుగా, మెత్తగా కత్తి మీద వాలింది.

త్రినాథ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"ఆగిపోయావేం? కానియ్యి" అన్నారావిడ.

"చెప్పడానికింకేం లేదమ్మా."

"చెప్పకపోతే మానె. ఊపిరైతే వదులు."

వదిలాడు. ఆవిడ తిప్పారు. మొదటి పొర అంచు పట్టుకుని రెండోది, దాని వెనక మూడోది దిగాయి. అతను ఊదుతూ, ఆవిడ తిప్పుతూ, ఆ పోగు అయిపోయేదాకా ఒక్కటీ పగల్లేదు.

"అది అసలే ఎండిపోయిన ముక్క. దాన్ని పట్టుకెళ్ళి ఇంకా ఐసు మీద పెడతావేటి నాయనా" అన్నారావిడ, పొరల్ని నీళ్ళ మీదికి జారుస్తూ.

త్రినాథే వాటిని గాజుపలకల మీదికెత్తాడు. తనే రంగేశాడు. తనే మేడ మీదికి పట్టుకెళ్ళి, డాక్టరుగారు చూస్తున్నంతసేపూ గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన తలెత్తకుండానే, "చాలయ్యా, శుభ్రంగా కనిపిస్తోంది. మళ్ళీ గుచ్చే పని లేదు" అన్నారు.

రెండేసి మెట్లు దిగుతూ వచ్చి, "ముక్క బాగొచ్చిందయ్యా" అన్నాడు త్రినాథ్, తౌడమ్మ పెనిమిటితో.

ఆయన వింతగా చూశాడు. "ఇందాకే సెప్పారు గదా బాబూ."

త్రినాథ్ ఈసారి మంచినీళ్ళు తాగి లోపలికొచ్చాడు.

రాహేలమ్మగారి ముందు ట్రేలో ఇంకా బోలెడు బ్లాకులున్నాయి. ఆవిడ ఒకటి తీసి బిగించారు. నడుం పట్టేసినట్టుంది, వీపు వెనక చెయ్యి పెట్టుకుని "ప్రభువా" అని మూలిగారు. తర్వాత ముందుకి వంగి, ఆ మైనం మీద పొడుగ్గా ఊపిరి వదిలి, చక్రం తిప్పారు. పొర దిగింది. మళ్ళీ వంగారు.

త్రినాథ్ స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, మీకెప్పుడూ అలుపు రాదా?"

ఆవిడ చక్రం ఆపి నవ్వారు.

"రాకేం నాయనా! ఇన్నేళ్ళుగా ఈ మైనం మీద నేను ఊదుతున్నది మరేటనుకున్నావు?"