పున్నమ్మ కూర్చుందా?

అనగా అనగా, కంప్యూటరు పెట్టెలు మనుషుల మాట వినని కాలంలో, ఒక సాలెవాడ. ఆ వాడలో పున్నమ్మ అని ఒక మనిషి. ఆమెకు సొంత మగ్గం లేదు. అచ్చు అతకడం ఆమె పని. చీర కోశాక మగ్గం మీద మిగిలిన పాత పోగులకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలేసి కలపాలి. వేల పోగులు. ఒక్కటి తప్పితే చీరంతా తప్పు. అంత పని చేసినా ఆమెను కూర్చోమన్న వాళ్లు లేరు. వాళ్లెవరో నాకు తెలుసు, చెప్పను.

ఆ వాడ చీరల అంచు బొమ్మలన్నీ, తాతలనాటి హంసలు, రుద్రాక్షలు, కోటకొమ్ములు, నేత సంఘం ఆఫీసు కంప్యూటరు పెట్టెలో ఉండేవి. గీసిన కాగితాలు చెదలు తిన్నాయి. ఉన్నదల్లా ఆ పెట్టెలోనే.

ఒకనాడు పెట్టె తెర మీద రాత పడింది. "అమావాస్య దాకే నడుస్తాను. తర్వాత కొత్త తాళం కొనుక్కోండి." తాళం కొనే డబ్బు సంఘంలో లేదు. వాడంతా గుండె గుబగుబ.

పట్నం నుంచి ముగ్గురు చదువరులొచ్చారు. "పెట్టెను నడిపే సరుకు మా దగ్గరుంది. తాళం లేదు. ఎవడి సొత్తూ కాదు. ఎలా అల్లామో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. అందరిదీ!" అన్నారు. తాము తెచ్చిన పెట్టెలో చూపించారు. నల్లటి తెర, తెల్లటి ఇంగ్లీషు రాత.

వాడలో అంచులు గీసే సూరయ్య దాని ముందు కూర్చున్నాడు. నెల్లాళ్లు గీసిన అంచు అందులోకి ఎక్కించాడు. ఒక్క మీట నొక్కాడు. అంచు మాయం.

"తెలీకుండా ఎందుకు ముట్టుకున్నావ్?" అన్నారు చదువరులు.

"అందరిదీ అన్నారని ముట్టుకున్నా," అన్నాడు సూరయ్య. అతని కళ్లలో నీళ్లు. మళ్లీ గుండె గుబగుబ.

అమావాస్య మూడు రోజుల్లోకొచ్చింది. ఇక సంఘం పెట్టెలోకి ఆ కొత్త సరుకు ఎక్కించే వంతు. తెర ఏదో అడిగింది. చదువుకున్నవాళ్లు ఏమడిగినా ఊఁ కొట్టడం ఆ వాడ అలవాటు. సంఘం పెద్ద వీరాస్వామి ఊఁ అనే మీట మీద వేలు పెట్టాడు.

"ఏమడుగుతోందయ్యా అది?" అంది గుమ్మంలోంచి పున్నమ్మ.

చదువరుల్లో మొదటివాడు నవ్వాడు.

"ఏమడుగుతోందయ్యా అది?"

రెండోవాడు, "నీకెందుకమ్మా?" అన్నాడు.

"ఏమడుగుతోందయ్యా అది?"

మూడోవాడు మళ్లీ చదివాడు. "ఉన్నదంతా తుడిచేసి ఎక్కమంటారా, అని."

పున్నమ్మ వీరాస్వామి చెయ్యి పట్టి లాగేసింది. "పాత పోగు కోసేసి కొత్త పోగు దేనికి అతుకుతార్రా, మీ మొహాలు మండ!"

"ఇది మామూలు జనం కోసం చేసింది కాదమ్మా. తెలిసినవాళ్ల కోసం," అన్నాడు మొదటివాడు.

"బావి తవ్వి, అందరిదీ అని చాటి, చేద మాత్రం మీ ఇంట్లో పెట్టుకుంటే మా దప్పిక తీరుద్దా? నన్ను ముందు కూర్చోబెట్టండి. నాకు భయమేసిన చోటల్లా ఆగండి."

వాళ్లకు కోపమొచ్చింది. కానీ మూడోవాడు కుర్చీ లాగి వేశాడు. ఆమె కూర్చుంది. భయమేసిన చోటల్లా చెయ్యెత్తింది. చెయ్యెత్తిన చోటల్లా వాళ్లు తెలుగులో తిరగరాశారు. పోయినదాన్ని వెనక్కి తెచ్చే మీట పెట్టారు. పాతది చెరపకుండా పక్కనే కొత్తది అతికారు. మూడు రోజులు పట్టింది.

అమావాస్య వచ్చింది. పాతది ఆగిపోయింది. అందరి గుండె గుబగుబ. కొత్తది తెరిచారు. హంసలు వచ్చాయి. రుద్రాక్షలు వచ్చాయి. కోటకొమ్ములు వచ్చాయి. సూరయ్య అంచు రాలేదు. అది ఇక ఎప్పటికీ రాలేదు.

కొన్నేళ్లకు పున్నమ్మ కాలం చేసింది. సంఘం వాళ్లు గోడకు పటమైనా కట్టలేదు. అదీ నేను మర్చిపోను. కానీ ఆ మూడోవాడు ఆమెను మర్చిపోలేదు. అప్పట్నుంచీ ఆ వైపు పెట్టెలకు సరుకు అల్లేవాళ్లు, దాన్ని జనంలోకి వదిలే ముందు, ఏమీ తెలియని మనిషినొకరిని పిలిచి కుర్చీ వేస్తారు. వాళ్లలో పెద్దవాడు అడుగుతాడు, "పున్నమ్మ కూర్చుందా?"

లేదని జవాబొస్తే, ఆ సరుకెంత గొప్పదైనా సరే, గడప దాటనివ్వరు.